ఇంజను కట్టిన సైకిలు

బోధను పట్టణమునకు ఏకచక్రపురమని పూర్వనామము కలదని స్థలపురాణము చెప్పుచున్నది. పాండవులు లక్కయింటి మంటనుండి తప్పించుకొని తలదాచుకొన్నదియు, భీమసేనుడు బండెడన్నముతో పోయి బకాసురుని చంపినదియు ఇచ్చటనే యని ఆ ప్రాంతమువారి నమ్మకము. ఒక్క చక్రము పేరు గల ఆ యూరిలో నేడు ఏ వీధి చూచినను రెండు చక్రముల వాహనములే. కాలితో త్రొక్కు సైకిలునకు ఇంజను కట్టవలెనని మనుష్యునకు ఎట్లు తోచెను? ఎవరెవరు ఆ పనికి పూనుకొనిరి? ఏమి పోగొట్టుకొనిరి, ఏమి సాధించిరి? ఈ సంగతులను నేటి ప్రసంగములో మనవి చేయుదును.

ఇది పిల్లల ఆటవస్తువు కథ యని పెద్దలు త్రోసివేయగూడదు. ఊరిలో ఇనుపపని తెలిసిన పడుచువాడొకడు పాత సైకిలునకు చిన్న ఇంజను బిగించి, పొగ విడుచుచు బజారున పోవుచున్నాడనుకొనుడు. అరుగుమీద కూర్చున్నవారిలో ఒకరు 'శభాష్' అందురు. మరియొకరు 'వీడు కాళ్ళు విఱుగగొట్టుకొనును' అందురు. ఇరువురి మాటయు నిజమే. ఈ విద్య నూటయేబది యేండ్లుగా ఆ రెండు మాటల నడుమనే పెరిగినది.

చెరువు త్రవ్వించినవాడు గట్టు పోసి ఊరకుండడు. పంటకు నీరు విడుచుటకు తూము పెట్టును. వరద వచ్చినపుడు మిగులు నీరు పోవుటకు అలుగు కట్టును. తూమును అలుగును లేని చెరువు నిండిననాడే ఊరికి గండము. యంత్రబలమును అట్టిదే. బలమును చేర్చుట సగము పని. ఆ బలము ఎచ్చట నిలువవలెను, ఎట్లు ఆగవలెను అనునది తక్కిన సగము. ఇంజను సైకిలు చరిత్రలో మొదటి సగమునకు కొలది దినములు చాలినవి. రెండవ సగమునకు దశాబ్దములు పట్టినవి.

ఇందూరు సీమలో పెద్ద యంత్రము నీటివెంట వచ్చినది. మంజీరానదికి అచ్చంపేటకడ ఆనకట్ట కట్టు పని 1923లో మొదలై 1931లో ముగిసెను. అదియే నిజాంసాగరము. దాని నిర్మాణమునకు పెద్ద దిక్కుగా నిలిచిన యింజనీరు నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు. రెండు లక్షల ఎకరములకు పైబడిన భూమికి నీరిచ్చుటకు ఆ కాలువలను ఉద్దేశించిరి. నీరు వచ్చినచోట చెఱకు నిలిచెను. చెఱకు నిలిచినచోట గానుగ కావలసివచ్చెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు పెరిగిన బస్తీకి శక్కర్‌నగరమని పేరు. ఆసియాఖండములోనే పెద్ద చక్కెర కర్మాగారమని అది ఒకప్పుడు ఖ్యాతి గాంచినది. కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి, కాలువలక్రింద భూములు కొని, 'క్యాంపు' అను పేరుతో క్రొత్త పల్లెలు కట్టుకొనిరి.

చెఱకు ఓర్పులేని పంట. నఱకిన తరువాత ఎండలో నిలిచినకొలది గడలో తీపి తఱుగును. ఒకటి రెండు దినములలో గానుగ చేరకున్న రైతునకును నష్టము, మిల్లునకును నష్టము. అందువలన గానుగ ఆడు మాసములలో ఆ సీమయంతయు పరుగులమీద నుండును. నఱకుటకు కబురు తెచ్చువాడు, కాలువనీరు చూచుకొను లస్కరు, రాత్రి షిఫ్టునకు పోవు పనివాడు, వీరందఱికి చిరకాలము సైకిలే వాహనముగా నుండెను.

అట్టి మిల్లులో పనిచేసినవారికి ఒక సంగతి చెప్పకయే తెలియును. చెఱకుపిప్పిని మండించి నీటిని ఆవిరి చేయుదురు. ఆ ఆవిరి బలముతో ఉక్కు రోలర్లు తిరిగి గడలను పిండును. కాని బాయిలరుమీద ఆవిరి మితిమీరినచో దానంతట తెరచుకొను కవాటము ఒకటి ఉండును. ఇంజను వేగము హద్దు దాటకుండ గవర్నరు అను సాధనము కాచుచుండును. బలము ఉన్నచోట దాని ప్రక్కనే కట్టుబాటును ఉండవలెనని ఆ మిల్లులో ప్రతి యంత్రమును బోధించును. సైకిలునకు ఇంజను కట్టినవారు ఈ పాఠమును దెబ్బలు తిని నేర్చుకొనిరి.

నేడు మనము ఎక్కు సైకిలుయొక్క రూపము 1885లో ఏర్పడినది. ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అనువాడు రెండు ఇంచుమించు సమానమైన చక్రములు పెట్టి, గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు 'రోవరు' సైకిలును చేసెను. 1888లో బెల్ఫాస్టులో పశువైద్యుడుగా నుండిన డన్లప్ గాలి నింపిన రబ్బరు టైరును కల్పించెను. ఈ రెండిటితో సైకిలు సామాన్యుని గుఱ్ఱమైనది. అయితే దానిని నడుపు బలము మనుష్యుని కాళ్ళది. ఆరోగ్యవంతుడు చాలసేపు ఎడతెగక త్రొక్కినచో అతని బలము సుమారు 75 మొదలు 100 వాట్లు. ఒక అశ్వబలమనగా 746 వాట్లు. అనగా ఒక అశ్వబలపు ఇంజను సుమారు ఎనిమిది మొదలు పదిమంది కలిసి త్రొక్కినంత పని చేయును. ఎండలో ఎదురుగాలికి, ఎత్తైన కాలువగట్టుమీదికి బరువుతో త్రొక్కి అలసినవానికి ఆ ఆశ కలుగుటలో ఆశ్చర్యమేమి?

పెట్రోలు ఇంజను పుట్టకముందే ఆ ఆశ పుట్టెను. 1860వ దశకము చివరనే ఫ్రాన్సులోను అమెరికాలోను రెండు చక్రముల బండ్లకు ఆవిరియంత్రములను కట్టి చూచిరి. అమెరికాలో ఆ పని చేసిన సిల్వెస్టరు రోపరు తన బండిని జీవితాంతము దిద్దుకొనుచునే యుండెను. 1896 జూను 1వ తేదీన, 72 ఏండ్ల వయస్సున, పందెపు బాటమీద దానిని మిగుల వేగముగా నడుపుచుండగా చక్రము తడబడి ఆయన క్రిందపడెను. ప్రాణము దక్కలేదు. గుండె ఆగినందున పడెనో, పడినందున గుండె ఆగెనో నిర్ణయించుట కష్టమైనది. ఈ విద్యకు పెద్దవాడైన మనుష్యుడొకడు తన చేతిపనిమీదనే కన్నుమూసెను.

1885లో జర్మనీలో గాట్లీబు డైమ్లరు, విల్హెల్ము మేబాకు అనువారు తాము క్రొత్తగా చేసిన చిన్న పెట్రోలు ఇంజనును పరీక్షించుటకు కొయ్యబండి నొకదానిని కట్టిరి. దానికి నడుమ రెండు చక్రములు, ప్రక్కకు పడిపోకుండ రెండు చిన్న చక్రములు. ఇంజను బలము అర అశ్వబలము మాత్రమే. దానిని డైమ్లరు కుమారుడు నడిపినపుడు ఇంజను వేడికి కూర్చుండు పీట అంటుకొన్నదని చెప్పుదురు. ఇంజనును సరిగా పీటక్రిందనే పెట్టిరి! బలము ఉన్నది గాని, దాని చోటు కుదురలేదు.

చోటు కుదిర్చిన కీర్తి పారిసు నగరములో నివసించిన వెర్నరు సోదరులది. వారు 1897లో సైకిలు ముందుచక్రముపైన ఇంజనును బిగించి, తోలుబెల్టుతో ముందుచక్రమును త్రిప్పించిరి. బండి నడిచినది, అమ్ముడును పోయినది. అయితే బరువంతయు పైన ఉండుటవలన తడి బాటమీద ముందుచక్రము జాఱుచుండెను. పడినపుడు ఇంజనును వేడిచేయు దీపమువలన మంటలు లేచుచుండెను. వారు నిరాశ చెందక 1901లో ఇంజనును క్రిందికి దింపి, రెండు చక్రముల నడుమ, పెడళ్ళు తిరుగు చోట నిలిపిరి. బరువు క్రిందికి దిగగానే బండికి కుదురు వచ్చెను. నేటికిని లోకములోని మోటారుసైకిళ్ళలో అధికభాగమునకు ఇంజను అచ్చటనే ఉన్నది. నెత్తిమీద బరువు నిలుపుకొని నడుచుటకును, నడుమున కట్టుకొని నడుచుటకును గల తారతమ్యమే ఇది.

ఇక ఈ చరిత్రలో మన పల్లెలకు మిక్కిలి దగ్గఱగా నుండు కథ జపానుదేశములోనిది. 1906లో ఒక పల్లెలో కమ్మరి యింట సోయిచిరో హోండా జన్మించెను. తండ్రి కొలిమిపనితోబాటు సైకిళ్ళను బాగుచేయుచుండెడివాడు. కుమారుడు పెద్ద చదువులు చదువలేదు. మోటారు మరమ్మతు శాలలో పని నేర్చెను. రెండవ ప్రపంచయుద్ధములో జపాను ఓడిపోయినది; నగరములు కాలినవి; రైళ్ళు క్రిక్కిరిసినవి; పెట్రోలు దొరకుట దుర్లభమైనది. తిండిగింజలకై జనులు ఊరూరు తిరుగవలసిన దినములవి.

1946లో హోండా హమమత్సు పట్టణములో ఒక చిన్న పాకలో పని మొదలుపెట్టెను. సైన్యము తన వైర్‌లెస్సు యంత్రములకు విద్యుత్తు పుట్టించుటకు వాడిన చిన్న ఇంజనులు యుద్ధానంతరము పనిలేక పడియుండెను. మిత్రునియింట అట్టి దానినొకదానిని చూడగానే, దీనిని సైకిలునకు కట్టినచో అని ఆయనకు తోచెను. మొదటి బండికి చమురు తొట్టి ఏదనుకొన్నారు? చలికాలములో పక్కలో పెట్టుకొను వేడినీటి డబ్బా! ఇంజనును ముందుచక్రముపైన నిలిపి, రబ్బరు రోలరును టైరునకు ఒత్తి త్రిప్పించెను. ఆ కాలపు నాసిరకపు టైర్లు ఆ ఒరపిడికి ఓర్వలేక చినిగిపోయెను. అంతట ఇంజనును నడుమకు మార్చి, బెల్టుతో వెనుకచక్రమును త్రిప్పించెను. వెర్నరు సోదరులు నాలుగేండ్లలో నేర్చిన పాఠమును ఆయన కొలది వారములలో నేర్చెను.

బండి పరీక్షకు ఆయన భార్య సాచీనే ఎక్కించెను. ఆమె తన మంచి ఉడుపులను ధరించి నలుగురు చూచుచుండగా పట్టణములో తిరిగి వచ్చెను. వచ్చునప్పటికి ఆ ఉడుపులు ఇంజను చిమ్మిన నూనెతో తడిసియుండెను. ఇది పనికిరాదు, కొన్నవారు తిట్టుదురు అని ఆమె నిక్కచ్చిగా చెప్పెను. ఆయన కోపగింపక ఆ లోపమును సవరించెను. ఇంటివారి మాటను పరీక్షకుని మాటగా తీసికొన్నవాడు గనుకనే ఆయన పని నిలిచినది. పెట్రోలు కొఱతకు దేవదారు జాతి చెట్ల వేళ్ళనుండి తీసిన తైలమును కలిపి నడిపించిరి. పాత సైనిక ఇంజనులు సుమారు 500 మాత్రమే దొరకెను, అవి ముగిసినవి. అక్కడ ఆగిపోయినచో ఆయన పేరు మనకు తెలిసియుండదు. 1947లో తన సొంత ఇంజనును తానే చేసెను. 1948 సెప్టెంబరులో కంపెనీ స్థాపించెను. ఏరుకొన్న వస్తువులతో మొదలైన పని ఏడాదిలో కల్పనగా మారినది.

అదే కాలమున ఫ్రాన్సులో 'వెలోసొలెక్సు', ఇటలీలో 'కుచ్చియోలో' అను బండ్లు బయలుదేరెను. యుద్ధముచేత చితికిన దేశములన్నిటను పేదవాడు సైకిలునకే ఇంజను కట్టుకొనెను. మోటారు, పెడలు అను రెండు మాటలు కలిసి 'మోపెడ్' అను క్రొత్త పేరు పుట్టెను. మన తెలుగునేలమీద 1960వ దశకములో తిరుపతియందు మోపెడ్స్ ఇండియా అను సంస్థ ఫ్రెంచివారి నమూనాతో 'సువేగ' బండ్లను చేయ మొదలిడెను. 1972లో పూనానుండి 'లూనా', 1980లో హోసూరునుండి 'టీవీయస్ 50' వచ్చెను. పాలక్యానులు, గడ్డిమోపులు, కూరగాయల గంపలు వానిమీదనే అంగడికి చేరెను. సైకిలునకు ఇంజను కట్టుట వానితో ఒక విధముగా ముగిసి, దుకాణములో కొనదగిన వస్తువైనది.

చెఱకు పండించువారికి ఈ చరిత్రలో మరియొక పాలును కలదు. చక్కెర తీసిన తరువాత మిగులు మడ్డిని పులియబెట్టి వంచినచో మద్యసారము వచ్చును. అది ఇంజనులో మండును. దానిని పెట్రోలులో కలుపుటకు భారతప్రభుత్వము 1948లోనే శాసనము చేసినది. 2003లో ఆ పని మరల కొన్ని రాష్ట్రములలో నూటికి 5 పాళ్ళతో ఆరంభమై, 2025నాటికి 20 పాళ్ళకు చేరెను. చెఱకునుండియు ధాన్యములనుండియు తీసిన ఆ సారము నేడు మన బండ్లలో మండుచున్నది. పొలము ఇంజనుకు దూరముకాదని దీనివలన తెలియును.

అయితే బోధను గానుగ సంగతి వేరు. కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. గానుగ ఆగినపుడు ఆగునది చక్కెర మాత్రమే కాదు. బేరింగు చప్పుడు విని లోపమును చెప్పగలిగిన చెవి, లేతు యంత్రముమీద ఇరుసును వెండ్రుకవాసి తేడా లేకుండ తీయగలిగిన చేయి, వీనికి వారసులు కావలెను. ఆ వారసత్వము పుస్తకములో వ్రాసియుంచిన దస్తావేజు కాదు. ప్రక్కన కూర్చుండి చూచినవానికే సంక్రమించును. పాత సైకిలును విప్పి పరచుకొని కూర్చున్న కుఱ్ఱవానిని పెద్దలు పనికిమాలినవాడని తఱిమినచో ఆ సంక్రమణము అక్కడనే తెగిపోవును.

నేడు ఊళ్ళలో మందు కొట్టు యంత్రమునకును గడ్డి కోయు యంత్రమునకును చిన్న పెట్రోలు ఇంజనులు ఉన్నవి. బ్యాటరీతో తిరుగు మోటార్లును దొరకుచున్నవి. వానిని సైకిలునకు కట్టవలెనని పడుచువాండ్రకు తోచుట సహజము. వారిని దీవించుటకు ముందు పెద్దలు మూడు ప్రశ్నలు అడుగవలెను.

మొదటిది: బండి ఎట్లు ఆగును? వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకు 15 కిలోమీటర్ల పోకకు చేసిన ఇనుపకడ్డీల బ్రేకు 30 కిలోమీటర్లకు చాలదు. వానలో తడిసిన చక్రమును రబ్బరుబిళ్ళలు మఱింత తక్కువగా పట్టును. రెండవది: ఇంజను ఎచ్చట, దేనికి బిగించినావు? సైకిలు గొట్టమునకు రంధ్రము తొలిచినచో ఇంజను అదురునకు అచ్చటనే పగులును. పట్టీలు వేసి బిగించుట మేలు. పళ్ళచక్రమును వెనుకచక్రపు పుల్లలకే కట్టినచో బరువంతయు పుల్లలపై పడి అవి తెగును. మూడవది: ఇంజను పట్టివేసినచో చక్రము తిరుగునా? రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో నూనె కలుపవలెను. కలుప మఱచినచో పిస్టను బిగిసిపోవును. నడుమ క్లచ్చి లేకున్న చక్రము ఒక్కమారు నిలిచి నడుపువాడు ఎగిరిపడును. ఈ మూడిటికి జవాబు చెప్పగలిగినవాడు పని తెలిసినవాడు.

చట్టమును గూడ తెలియజేయుట పెద్దల విధి. మోటారు వాహనముల చట్టము 1988 ప్రకారము నాలుగు చక్రములకు తక్కువగా నుండి, 25 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజను గల బండి మోటారు వాహనము క్రిందికి రాదు. అంతకు మించిన ఇంజనును కట్టినచో అది మోటారు వాహనమే. ఆమోదమును రిజిస్ట్రేషనును లేక బాటమీద నడుపరాదు. బ్యాటరీ సైకిలునకు 250 వాట్లకు లోబడిన మోటారు, గంటకు 25 కిలోమీటర్ల వేగము హద్దు. బ్యాటరీ గాక బండి బరువును 60 కిలోలకు మించరాదు. ఈ హద్దులు యంత్రవిద్యకు అడ్డుకట్టలు కావు, ఇవియును తూమువంటివే.

కల్పనాశక్తి గలవారికి నేడు దారియు కలదు. 2019లో తెలంగాణ రాష్ట్రములో 'ఇంటింటా ఇన్నొవేటర్' అను కార్యక్రమము మొదలై, స్వాతంత్ర్యదినోత్సవమున జిల్లాలలో గ్రామస్థుల కల్పనలను ప్రదర్శించు ఆచారము ఏర్పడెను. ఊరి కుఱ్ఱవాని బండిని అట్టి చోటికి పంపుట, పనిముట్లు గల మరమ్మతు శాలలో వానిని కొన్నాళ్ళు కూర్చుండబెట్టుట, పాత మిల్లు పనివా రెవరైన ఊరిలో నున్నచో వారిచేత ఒకమారు బండిని చూపించుట, ఇవి పెద్దలు చేయదగిన పనులు. వీనికి వ్యయము స్వల్పము.

హోండా తండ్రి కమ్మరి. సైకిళ్ళు బాగుచేయు ఆ కొలిమిప్రక్క బాలునకు కూర్చుండ చోటిచ్చెను. అంతకు మించి ఆయన ఇచ్చిన ఆస్తి లేదు. మన యూళ్ళలోను కొలిములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఆ చోటు పిల్లలకు దొరకునట్లు చూడవలసినదిగా పెద్దలను వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.